తిట్టవు కదా అమ్మా?

రాత్రి పదిన్నర దాటింది. వంటింటి గట్టు తుడిచి, పొద్దున ఇడ్లీకి పిండి బయట పెట్టి లైటు ఆర్పబోతుంటే మా పెద్దోడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లు వాడికి, ఆ టైముకి గాఢనిద్రలో ఉండాలి. "అమ్మా, ఒకటి చెప్తాను, తిట్టవు కదా?" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు కాళ్లలో వణుకు వచ్చింది.

ట్యాబ్‌లో వాడు ఆడే ఆటలో ఒక 'అన్న' పరిచయమయ్యాడంట. తెలుగులోనే మాట్లాడతాడంట, మీ తాతవాళ్ల ఊరి పక్కనే మాదీ అన్నాడంట. ఆటలో వేసుకునే బట్టలు, ఆయుధాలు కొనిచ్చాడంట. మొదటి వారం అంతా ఆట కబుర్లే. తర్వాత స్కూలు పేరు అడిగాడు, ఆ తర్వాత మీ అమ్మ ఆఫీసు నుంచి ఎన్నింటికి వస్తుంది, ఇంట్లో ఇంకా ఎవరుంటారు, నీకంటూ సొంత ఫోన్ ఉందా అని ఒక్కొక్కటీ అడుగుతూ వచ్చాడు. ఆటలోని చాట్ వద్దు, ఇంకో యాప్‌లోకి రా అన్నాడు. ఫోటో పంపమంటే మావాడు స్కూలు యూనిఫాంలో ఉన్నది పంపేశాడు. అప్పటి నుంచి వేరే రకం ఫోటోలు అడుగుతున్నాడు, పంపకపోతే మీ అమ్మానాన్నలకి అంతా చెప్పేస్తానని బెదిరిస్తున్నాడు. ఇదంతా 19 రోజులుగా నడుస్తోంది. ఆ 19 రోజులూ మేము నలుగురం ఒకే ఇంట్లో తిన్నాం, పడుకున్నాం, ఆదివారం సినిమాకి కూడా వెళ్లొచ్చాం.

"ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అడిగాను.

"చెప్తే ట్యాబ్ లాక్కుంటావు కదా."

అంతే, ఇంకేం లేదు. వాడికి ఆ మనిషంటే భయం ఉంది, కానీ నేను ట్యాబ్ లాక్కుంటానన్న భయం అంతకంటే పెద్దది. ఆ మనిషి కూడా సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. తప్పు ఎవరిదని వెతికితే నాకు నేనే కనిపించాను. 2020లో వాడు యూకేజీలో ఉండగా ఆన్‌లైన్ క్లాసుల కోసం ట్యాబ్ కొన్నాం. ఆ రోజు నుంచీ ఈ ఇంట్లో నేను ఎక్కువసార్లు అన్న మాట ఏదని వాడిని అడిగితే 'ట్యాబ్ లాక్కుంటా' అనే చెప్తాడు. అన్నం తినకపోతే ట్యాబ్ లాక్కుంటా, మార్కులు తగ్గితే ట్యాబ్ లాక్కుంటా, చెల్లిని కొడితే ట్యాబ్ లాక్కుంటా. వీటిలో ఒక్కదానికీ ట్యాబ్‌తో సంబంధం లేదు.

ఆ రాత్రి నేను వాడిని తిట్టలేదు, దగ్గరికి తీసుకుని "చెప్పావు, చాలా మంచి పని చేశావు" అన్నాను. కానీ మా ఆయన అలా ఉండలేకపోయారు. ఆఫీసు కాల్ ముగించుకుని వచ్చి, విషయం సగం వినగానే ట్యాబ్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. కోపం కాదు అది, భయం, నాకు తెలుసు. కానీ పదకొండేళ్ల పిల్లాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? నమ్మి చెప్పినందుకు ఏం జరుగుతుందని భయపడ్డాడో సరిగ్గా అదే జరిగింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఏం అడిగినా "ఏం లేదు" అనేవాడు. మూడోరోజు మా ఆయన వాడి పక్కన కూర్చుని "నేను భయపడి అలా చేశాను, నువ్వు తప్పు చేశావని కాదు" అని చెప్పారు. ఒక తండ్రి కొడుక్కి సారీ చెప్పడం మా రెండు కుటుంబాల్లోనూ నేను చూడటం అదే మొదటిసారి. మిగతా సగం కథ వాడు అప్పుడు చెప్పాడు.

ఇలాంటిది ఎవరికైనా జరిగితే పనికొస్తుంది కాబట్టి మేము ఏం చేశామో రాస్తున్నాను. కోపంలో చాట్ మొత్తం డిలీట్ చేయాలనిపిస్తుంది, చేయకండి. ముందు మెసేజ్‌లకి, ఆ మనిషి ప్రొఫైల్‌కి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాం, ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేశాం. ఎదురు మెసేజ్ పెట్టి ఆ మనిషిని తిట్టలేదు, బతిమాలలేదు. కేంద్ర ప్రభుత్వం వాళ్ల సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో ఆడవాళ్లకీ పిల్లలకీ సంబంధించిన ఫిర్యాదులకి విడిగా ఒక విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయచ్చు. యూనిఫాం ఫోటో వెళ్లింది కాబట్టి క్లాస్ టీచర్‌కి చెప్పాం, ఇంటికి తీసుకెళ్లడానికి మా ఇద్దరం తప్ప ఎవరొచ్చినా పంపొద్దని రాసిచ్చాం. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది, పగలూ రాత్రీ పలుకుతుంది.

ఇది అయిన రెండు నెలలకి మా మామయ్య సంగతి బయటపడింది.

మామయ్య, అత్తయ్య కదిరిలో ఉంటారు. మామయ్య ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. లెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి. కంటి చెకప్ కోసమని బెంగళూరు వచ్చి మా కాడుగోడి ఇంట్లో నెలరోజులు ఉన్నారు. ఒకరోజు మెడికల్ షాపుకి వెళ్లి మందులు తీసుకోకుండానే వచ్చేశారు. షాపు మూసేశారన్నారు. మా బాల్కనీలోంచి చూస్తే షాపు తెరిచే ఉంది. మెల్లగా కూర్చోబెట్టి అడిగితే గంట తర్వాత చెప్పారు. నాలుగు రోజుల కింద ఫోన్‌కి ఒక పెళ్లి కార్డు వచ్చిందంట, తెలిసినాయన నంబర్ నుంచే. మాఘమాసం, ముహూర్తాలు జోరుగా ఉన్న రోజులు, ఊళ్లో రోజుకో కార్డు వస్తుంది. తెరవబోతే ఇంకేదో నొక్కమంది, నొక్కారు. కార్డు రాలేదు. ఆ రాత్రి ఖాతాలోంచి రెండు విడతల్లో 38,000 రూపాయలు పోయాయి.

ఆ వచ్చింది కార్డు కాదు, పేరు చివర 'ఏపీకే' అని ఉండే ఫైలు, అంటే ఒక యాప్. దాన్ని నొక్కి అనుమతి ఇస్తే ఫోన్‌కి వచ్చే ఎస్సెమ్మెస్‌లు అది చదివేస్తుంది, ఓటీపీలు అటు పంపించేస్తుంది. మామయ్య ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, చెప్పే అవసరమే రాలేదు. పంపినాయన తప్పు కూడా లేదు, ఆయన ఫోన్‌లోనూ అదే దూరి, ఆయన పేరు మీద అందరికీ తనంతట తానే పంపించుకుంది. నిజమైన పెళ్లి కార్డు ఫోటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేసుకోమని ఎప్పుడూ అడగదు. ఈ ఒక్క ముక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రోజే చెప్పండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కొట్టేసిన డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి, అక్కడినుంచి మరో చోటికి పరిగెడుతూ ఉంటుంది, ఎవరో ఏటీఎంలో తీసుకునేలోపు మనం చెప్పగలిగితే దారిలో ఉన్న ఖాతాలో ఆపడానికి వీలుంటుంది. అందుకే మొదటి గంటా రెండు గంటలే కీలకం. మామయ్య నాలుగు రోజులు ఆగారు. మేము ఫోన్ చేశాం, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, ఇంతవరకు రూపాయి వెనక్కి రాలేదు. "ఆ రాత్రే చెప్పుంటే" అని మా ఆయన అనబోయి ఆగిపోయారు, ఆగినందుకు ఆయనకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఎందుకు చెప్పలేదు మామయ్యా అంటే, తల వంచుకుని "కొడుకు తిడతాడని కాదమ్మా, కోడలి ముందు చులకనైపోతానని" అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండేళ్లవాడు, అరవై తొమ్మిదేళ్లాయన. ఇద్దరికీ ప్రమాదం ఫోన్‌లోంచే వచ్చింది, కానీ దాన్ని పెంచింది మాత్రం దాచడం. దాచింది మా భయానికి. మామయ్యని మేము ఎప్పుడూ ఏమీ అనలేదు అనుకునేదాన్ని. గుర్తుచేసుకుంటే అన్నాం. "మీకు ఫోన్ సంగతి తెలీదు నాన్నా, ఇటివ్వండి" అని మా ఆయన చేతిలోంచి తీసుకోవడం, "అవన్నీ ఫేక్ మామయ్యా, మీరు నమ్మేస్తారు" అని నేను నవ్వడం. మాకు అది చిన్న మాట. నలభై ఏళ్లు ఇంటిని నడిపిన మనిషికి కాదు.

అందుకే నేను ఇప్పుడు ఎవరు అడిగినా చెప్పేది ఒకటే, పిల్లలకి రోజుకి ఎన్ని గంటలు ఇవ్వాలి అన్న ప్రశ్న కంటే ముందు, తప్పు జరిగితే ఈ ఇంట్లో ఎవరైనా భయపడకుండా వచ్చి చెప్పగలరా అన్నది చూసుకోవాలి. గంటల లెక్క అవసరం లేదని కాదు. ఐదేళ్ల కూతురు ఉన్న ఇంట్లో అది కచ్చితంగా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఏడాది నిండని పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, ఇంకా తక్కువైతే మేలని. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో ఇచ్చిన సూచనలు కూడా అదే దారిలో ఉన్నాయి. రెండేళ్లలోపు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా పెద్దవాళ్లు పక్కనుండి గంటలోపు, ఐదు నుంచి పదేళ్ల దాకా రెండు గంటలలోపు.

మా చిన్నదానికి రెండేళ్లప్పుడు ఫోన్ చూపిస్తేనే ముద్ద దిగేది. ఆఫీసుకి టైమవుతుంటే పది నిమిషాల్లో గిన్నె ఖాళీ అవుతుందని నేనే అలవాటు చేశాను. అలా తినే పిల్లకి ఆకలి తీరింది, ఇక చాలు అన్నది తెలియదు, నోరు తెరుస్తుంది, మింగుతుంది, అంతే. మాన్పించడానికి మూడు వారాలు పట్టింది. మొదటి నాలుగు రోజులు దాదాపు ఏమీ తినలేదు, మా అత్తయ్య నా మీద కోపంతో ఫోన్‌లో మాట్లాడటం మానేశారు. ఐదో రోజు నేను కూడా నా కంచం తెచ్చుకుని దాని పక్కనే కింద కూర్చున్నాను. నా కంచంలోంచి పప్పన్నం తీసుకుని తనే తినింది. అప్పటిదాకా దానికి మేము ఎప్పుడూ విడిగానే తినిపించాం, ఎవరైనా పక్కన కూర్చుని తినడం అది చూడనే లేదు.

మామయ్య వాళ్లు ఊరికి వెళ్లేముందు ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం హాల్లో చాప పరుచుకుని కూర్చున్నాం. మా ఆయన ఆలోచన అది. ఈ ఇంట్లో ఫోన్ల గురించి ఒక్కొక్కరూ ఒక్క కోరిక చెప్పాలి, ఎవరు చెప్పినా అది అందరికీ వర్తిస్తుంది, పెద్దవాళ్లకి మినహాయింపు లేదు. మొదట చిన్నదాన్ని అడిగాం. అది వేలు నా వైపు చూపించి "నేను మాట్లాడేటప్పుడు అమ్మ నన్ను చూడాలి" అంది. ఇంకేం వివరించలేదు, అవసరం కూడా లేదు. దాని కబుర్లకి ఊ కొడుతూ ఆఫీసు మెయిల్స్ చూసుకోవడం నాకు రోజూ ఉన్న పనే.

పెద్దోడు చెప్పింది ఇంకా లోతుగా తగిలింది. "నన్ను అడక్కుండా నా ఫోటోలు స్టేటస్‌లో పెట్టొద్దు" అన్నాడు. తెలియనివాడికి ఫోటో ఎందుకు పంపావని వాడిని అడిగాం కదా. వాడి పుట్టినరోజు, స్కూలు ఐడీ కార్డు మెడలో ఉన్న ఫోటో, ఈత నేర్చుకునేటప్పటి ఫోటో, అన్నీ మేమే నాలుగు వందల మంది చూసేట్టు పెట్టాం. ఫోటో అంటే అడగ్గానే ఇచ్చేది అని వాడు మా దగ్గరే నేర్చుకున్నాడు. ఆ రాత్రి కూర్చుని పాతవి చాలా తీసేశాను. ఇప్పుడు వాడు ఒప్పుకున్నవే పెడతాను, ఒప్పుకోనివి ఫ్యామిలీ ఆల్బంలో ఉంటాయి.

అత్తయ్య తన సీరియల్ గంట జోలికి ఎవరూ రావొద్దన్నారు, ఒప్పుకున్నాం, కానీ హాల్లో టీవీలో, మిగతావాళ్లకి ఇబ్బంది లేని సౌండ్‌తో. నేను అడిగింది పడకగదిలోకి ఎవరి ఫోనూ రాకూడదని. మా ఆయన వెంటనే "అలారం ఎలా?" అన్నారు. మర్నాడే ఒక అలారం గడియారం కొన్నాం. ఇప్పుడు ఫోన్లన్నీ రాత్రి తొమ్మిదిన్నరకి హాల్లో షూ స్టాండ్ పైన ఛార్జింగ్‌కి పెడతాం, ట్యాబ్ కూడా అక్కడే. మా ఆయనకి ఆన్‌కాల్ వారం వచ్చినప్పుడు ఆఫీసు ఫోన్ రింగ్ పెట్టి అక్కడే ఉంచుతారు, మోగితే లేచి వెళ్తారు. నేను మొదటి పది రోజులు పక్క మీద చెయ్యి పెట్టి ఫోన్ కోసం వెతుక్కునేదాన్ని, ఇప్పుడు పదిన్నరకి నిద్రపోతున్నాను.

మామయ్య అడిగింది రాత్రి భోజనం. "అన్నం దగ్గర అందరూ ఉండాలి, ఫోన్ ఉండకూడదు." దీనికి నాకు ఒక ఊరు గుర్తొచ్చింది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడ్గావ్ అని ఉంది. లాక్‌డౌన్ తర్వాత పిల్లలు ఫోన్లకి, పెద్దవాళ్లు టీవీకి అతుక్కుపోయారని, 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగించడం మొదలుపెట్టారు. మోగగానే గంటన్నర పాటు ఊరంతా టీవీలూ ఫోన్లూ కట్టేస్తారు, పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. అది నిలబడటానికి కారణం నాకు అర్థమైంది. నువ్వొక్కడివే కట్టెయ్ అని ఎవరినీ అనలేదు, అందరికీ ఒకేసారి మోగింది. మా ఇంట్లో ఏడింటికి కుదరదు, మా ఆయన అవుటర్ రింగ్ రోడ్ దాటి ఇల్లు చేరేసరికే ఎనిమిదవుతుంది. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర పెట్టుకున్నాం. సైరన్ బదులు మా చిన్నమ్మాయి దేవుడి గంట మోగిస్తుంది. ఆ పని దానికి ఎంత ఇష్టమో చెప్పలేను, ఒక్కరోజు కూడా మర్చిపోదు.

సెట్టింగ్స్ సంగతి కూడా చెప్పాలి, కానీ అవి తాళాలు మాత్రమే అని గుర్తుంచుకోండి. పెద్దోడి ట్యాబ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాం, కొత్త యాప్ కావాలంటే నా ఫోన్‌కి అడుగుతుంది, రాత్రి టైమయితే లాక్ అవుతుంది. ఆటలో చాట్ స్నేహితులకి మాత్రమే అని మార్చాం, ఆ స్నేహితుల జాబితా వాడూ నేనూ కలిసి కూర్చుని చూశాం, నిజంగా మొహం తెలిసినవాళ్లు తొమ్మిది మందే మిగిలారు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేశాం. ఒక వీడియో అయిపోయి ఆగితే పిల్లలకి లేవడానికి ఒక సందు దొరుకుతుంది, తర్వాతది దానంతటదే మొదలైతే ఆ సందు ఉండదు. ప్లే స్టోర్‌లో ఏది కొనాలన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టాం. మామయ్య ఫోన్‌లో బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ అవ్వకుండా అనుమతి తీసేశాం, వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే విడిగా ఒక పిన్, పెట్టాం, తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా 'నా కాంటాక్ట్స్' అని మార్చాం. మొత్తం ఒక పూట పని. పక్కన వాళ్లని కూర్చోబెట్టుకుని, ఇది ఎందుకు చేస్తున్నామో చెప్తూ చేశాం, వెనకనుంచి కాదు.

పిల్లల అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం అబద్ధం పెట్టకండి, ఇది మాత్రం నేను గట్టిగా చెప్తాను. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇరవై ఏళ్లవాళ్లుగా ఉన్నారు, కొన్నింటిని అమ్మానాన్నలే తెరిచిచ్చారు. దానికి కనీస వయసు పదమూడు. పద్దెనిమిదిలోపు వాళ్ల అకౌంట్లు వాటంతటవే ప్రైవేట్‌గా ఉండటం, తెలియనివాళ్ల మెసేజ్‌లు రాకుండా ఉండటం లాంటి రక్షణలు ఆ వయసు నిజంగా చెప్పినవాళ్లకే వర్తిస్తాయి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిది నిండనివాళ్లని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఇరవై ఏళ్లని మనమే రాసిచ్చాక ఏ చట్టం కాపాడుతుంది?

మామయ్యతో ఇంకో పని చేశాం. 'డిజిటల్ అరెస్ట్' ఫోన్లు. పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసి, మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి, మీరు అరెస్టయ్యారు, ఫోన్ కట్ చేయొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో దీని గురించే చెప్పారు, ఆగండి, ఆలోచించండి, తర్వాత చర్య తీసుకోండి అని. విన్నంత మాత్రాన ఆ క్షణంలో గుర్తుండదు కదా, అందుకే ఇంట్లో ఆడి చూశాం. పెద్దోడు పక్కగదిలోంచి ఇన్‌స్పెక్టర్‌లాగా గొంతు మార్చి తాతకి ఫోన్ చేశాడు. మొదటిసారి మామయ్య నిజంగానే తడబడ్డారు. నాలుగోసారికి "నా కొడుకుతో మాట్లాడి చేస్తాను" అని ఫోన్ పెట్టేశారు. 'ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట వినగానే అది మోసమని తెలుసుకోవాలి, అది ఆటలో పరిచయమైన అన్న అన్నా సరే, ఫోన్‌లో కనిపించే పోలీసు అన్నా సరే. గొంతులు కూడా మార్చి డబ్బు అడుగుతున్నారు కాబట్టి మాకంటూ ఒక ఇంటి మాట పెట్టుకున్నాం. ఎవరైనా ఆపదలో ఉన్నానని ఫోన్ చేస్తే ఆ మాట అడుగుతాం. ఎవరూ దాన్ని ఫోన్‌లో రాసుకోలేదు.

ఫోన్ తీసేసి పిల్లల చేతులు ఖాళీగా వదిలేస్తే మాత్రం ఏదీ నిలవదు. ఇది మొదటి రెండు వారాల్లోనే తెలిసింది, ఎనిమిదిన్నర నుంచి ఏం చేయాలో తెలియక అన్నాచెల్లెళ్లు కొట్టుకునేవాళ్లు. అత్తయ్య వెళ్తూ వెళ్తూ నేల మీద సుద్దముక్కతో పులి మేక గీసి నేర్పించి వెళ్లారు. ఇప్పుడు వాడు మా ఆయన్ని రోజూ ఓడిస్తున్నాడు. నెలకి రెండు ఆదివారాలు కాడుగోడిలో పర్పుల్ లైన్ ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగుతాం, ఆదివారం లోపలి రోడ్ల మీద బండ్లు ఉండవు, పిల్లలు స్వేచ్ఛగా పరిగెత్తచ్చు. ఎండలో, వెలుతురులో ఆడే పిల్లలకి హ్రస్వదృష్టి, అంటే దూరంవి సరిగ్గా కనపడకపోవడం, వచ్చే అవకాశం తక్కువని కళ్ల డాక్టర్లు చెప్తున్నారు, పెద్దోడికి అద్దాలు వచ్చాయి కాబట్టి ఈ మాట నాకు బాగా పట్టింది.

ఇంట్లో ఎన్ని చేసినా చేయి దాటిపోయే సందర్భాలు ఉంటాయి. మా ఆఫీసులో ఒకావిడ కొడుకు, ఇంటర్ వయసువాడు, రాత్రంతా ఆడి పగలు పడుకుని కాలేజీ మానేశాడు, ఫోన్ తీసుకుంటే తలుపులు పగలగొట్టేదాకా వెళ్లాడు. అది అల్లరి కాదు, చెడ్డతనం కాదు. గేమింగ్ డిజార్డర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల జాబితాలో చేర్చింది, 2022 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఆపుకోలేకపోవడం, మిగతా జీవితమంతా వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆగకపోవడం దాని గుర్తులు. బెంగళూరులో ఉన్నవాళ్ల అదృష్టం, మన హోసూర్ రోడ్డులోని నిమ్‌హాన్స్ మానసిక ఆసుపత్రి 2014లోనే షట్ క్లినిక్ అని దీనికోసమే ఒకటి మొదలుపెట్టింది. ఆవిడ ఆరు నెలలు సిగ్గుపడి ఆగింది, "పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారంటారు" అని. వెళ్లాక అక్కడ కొడుకు ఒక్కడితోనే కాదు, అమ్మానాన్నలతోనూ మాట్లాడారంట. ఇప్పుడు మళ్లీ కాలేజీకి వెళ్తున్నాడు. దూరంగా ఉన్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మాకు అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పరీక్షలైపోయిన వారం ట్యాబ్ రాత్రి పదకొండు దాకా నడిచింది, షూ స్టాండ్ మీద ఒక ఫోన్ తక్కువ ఉన్న రోజులు ఉన్నాయి, అవి ఎక్కువగా నావే. చిన్నది గంట మోగించి నా చేతిలో ఫోన్ వైపు చూస్తుంది, పక్కన పెట్టేస్తాను. పెద్దోడు ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చి చెప్పాడు, ఒకటి క్లాస్ గ్రూపులో ఎవరో పెట్టిన చెడ్డ వీడియో, రెండోది వాడే ఒక అబ్బాయిని గ్రూపులో ఏడిపించడం. రెండోది విన్నప్పుడు కోపం ఆపుకోవడం కష్టమైంది. ట్యాబ్ ముట్టుకోలేదు. వాడిచేతే ఆ అబ్బాయి ఇంటికి ఫోన్ చేయించాను.

మొన్న శనివారం కదిరి నుంచి మామయ్య ఫోన్. నేను తల స్నానంలో ఉన్నాను, పెద్దోడు ఎత్తాడు. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి సప్లై ఆపేస్తాం అని ఏదో మెసేజ్, కింద ఒక లింకు వచ్చిందంట. తలుపు అవతల వాడి గొంతు వినిపిస్తోంది.

"తాతా, నొక్కావా? నొక్కినా ఏం పర్లేదు, చెప్పు."

కాసేపు అటు నుంచి ఏం వినిపించలేదు. తర్వాత స్పీకర్‌లోంచి మామయ్య గొంతు, "లేదప్పా, నొక్కలా. నీకు చెప్పి చూద్దామని."